మెస్‌లో ఏం వండుతున్నారో చెప్పి పెట్టండి

నెల్లూరు జిల్లాలో రెసిడెన్షియల్ కాలేజీలు, హాస్టళ్ళు నడిపే యాజమాన్యాలకు, ఆహార భద్రత అధికారులకు, తోటి తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

చదువు బాగా చెప్తారన్న నమ్మకంతోనే మా పిల్లల్ని మీ దగ్గర వదిలాం. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. ఈ లేఖ అన్నం గురించి. ఏ కాలేజీ అన్నది నేను రాయడం లేదు. పేరు రాస్తే గొడవంతా ఆ ఒక్క చోట తిరిగి ఆగిపోతుంది, మిగతావాళ్ళు మనకెందుకులే అనుకుంటారు, పైగా మా అమ్మాయి ఇంకా అక్కడే చదవాలి.

మాది ఆత్మకూరు వైపు పల్లె. దూదేకుల ముస్లింలం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా అమ్మాయి నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదువుతోంది. మెస్‌లో ఆదివారం మధ్యాహ్నం చికెన్ కూర పెడతారు. చేర్చేటప్పుడే ఆఫీసులో అడిగాను, చికెన్ ఎక్కడి నుంచి తెస్తారు సార్ అని. ఫలానా స్టాల్ నుంచి తెస్తాం, అక్కడ కోసేది మీవాళ్ళే, హలాలే, టెన్షన్ పడొద్దు అన్నారు. ఆ మాట మీద ఫీజు కట్టాను.

కొన్నాళ్ళకి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో ఫార్వర్డ్ చేశారు. మా పిల్లలకి హలాల్ మాంసం ఎందుకు పెడుతున్నారని కొందరు అడిగారు. అడగడం తప్పని నేను అనను, వాళ్ళ పిల్లలు ఏం తింటున్నారో తెలుసుకునే హక్కు వాళ్ళకీ ఉంది. ఆ ప్రశ్నకి యాజమాన్యం గ్రూపులో జవాబు చెప్పి ఉంటే సరిపోయేది. అలా చేయకుండా చడీచప్పుడు లేకుండా సప్లయర్ని మార్చేశారు. ఇప్పుడు డ్రెస్ చేసిన కోడి ఎక్కడి నుంచో ఐస్ పెట్టెల్లో వస్తోంది. ఎవరు కోశారో, ఎప్పుడు కోశారో వార్డెన్ గారికి కూడా తెలీదు. మార్చామని నోటీసు బోర్డులో ఒక్క ముక్క రాయలేదు. మా పిల్లలు తెలియకుండానే తిన్నారు. చివరికి మెస్‌లో వడ్డించే ఆవిడ, ఆమె మా మతం కూడా కాదు, పిల్లల్ని పక్కకి పిలిచి "ఇది మునుపటి కొట్టు నుంచి రావట్లేదమ్మే, చెప్పకుండా పెట్టాలంటే నాకు మనసొప్పట్లా" అని చెబితే అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి హాస్టల్లో ముస్లిం పిల్లలు ఆదివారం చికెన్ ముట్టుకోవడం లేదు. వార్డెన్ గారిని అడిగితే, ఇష్టముంటే తినండి లేకపోతే పెరుగుంది కదమ్మా అన్నారు.

తెలియక తిన్నదానికి పాపం లేదని మా హజ్రత్, అంటే మా మతగురువు, చెప్పారు. పిల్ల మాత్రం ఫోన్లో ఏడ్చింది. నేను ప్రిన్సిపాల్ గారికి కాగితం ఇచ్చాను, తర్వాత వాళ్ళ పై ఆఫీసుకి కూడా ఇచ్చాను. పరిశీలిస్తున్నాం అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే నలుగురిలో రాయాల్సి వస్తోంది.

హలాల్ గురించి టీవీల్లో, ఫోన్లలో వినడమే తప్ప దగ్గర నుంచి చూడనివాళ్ళ కోసం ఒక నాలుగు మాటలు చెప్తాను. మా పెదనాయన చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ, మొక్కుబడులకీ పొట్టేళ్ళు కోసేవాడు. పిలిచేది ఎక్కువగా హిందువులే. కోయడానికి ముందు పొట్టేలికి నీళ్ళు పట్టేవాడు. కత్తిని గోరు మీద ఆనించి చూసుకునేవాడు, అంచు ఎక్కడైనా పట్టిందంటే మళ్ళీ సాన మీద పెట్టాల్సిందే, పొట్టేలి కళ్ళ ముందు కత్తి నూరడానికి మాత్రం ఒప్పుకునేవాడు కాదు, గొడ్లసావిడి వెనక్కి వెళ్ళి నూరుకొచ్చేవాడు. ఇంకో జీవం చూస్తుండగా కోసేవాడు కాదు. పడమరకి తిప్పి పడుకోబెట్టి, బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అని, శ్వాసనాళం, అన్ననాళం, రెండు పక్కల రక్తనాళాలు తెగేలా ఒక్క కోత. నెత్తురంతా పోయి కదలిక పూర్తిగా ఆగేదాకా తోలు మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు, ఎంత పెళ్ళివారు తొందరపెట్టినా సరే. చచ్చిన జీవాన్ని, జబ్బు పడి చావబోతున్న జీవాన్ని కోయమంటే వెళ్ళిపోయేవాడు. మాకు హలాల్ అంటే ఇంతే. దేవుడు ఇచ్చిన ప్రాణం, దేవుడి పేరు చెప్పి తీసుకోవాలి, నెత్తురు తినకూడదు, శవం తినకూడదు. ఇందులో ఎవరినీ తక్కువ చేసేది ఏదీ లేదు.

ఇప్పుడు చట్టం మాట. మన దేశం సెక్యులర్ కదా, మరి ఒక మతం పద్ధతిని మెస్‌లో ఎందుకు పాటించాలి అని గ్రూపులో ఒకాయన అడిగారు. మంచి ప్రశ్నే. అందరికీ ఒకే గరిటెతో ఒకే కూర వడ్డించి తింటే తిను లేకపోతే లే అనడం సెక్యులరిజం అని రాజ్యాంగం ఎక్కడా అనలేదు. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం దెబ్బతిననంత వరకు ఎవరి మతాన్ని వాళ్ళు ఆచరించుకోవచ్చని 25వ అధికరణం చెప్తోంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 28వ సెక్షన్, ఏ సమాజమైనా తన మతం కోరిన పద్ధతిలో జీవాన్ని వధిస్తే అది ఈ చట్టం కింద నేరం కాదని స్పష్టంగా రాసింది. ఏ సమాజమైనా అన్నారు, అంటే ఒక్క వేటుకి తల తెగ్గొట్టే ఝట్కా పద్ధతి కోరే సిక్కు సోదరులకీ అదే రక్షణ. ఈ హలాల్ పద్ధతినే ఆపాలని వేసిన పిటిషన్‌ని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఎవరు శాకాహారి కావాలో ఎవరు మాంసాహారి కావాలో మేం నిర్ణయించలేం అని న్యాయమూర్తులు అన్నారు.

ఇంకో సంగతి. బిస్కెట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొంటాం కదా. శాకాహారులు తెలియక మాంసాహారం తినకూడదని, వాళ్ళ విశ్వాసాన్ని గౌరవించి దేశం మొత్తానికి పెట్టిన గుర్తు అది. మా ఇంట్లో ఎవరూ శాకాహారులు కారు, అయినా ఆ చుక్క ఉండటం న్యాయమే అనుకుంటాం. మా పిల్లల కోసం మేం అడిగేది కూడా ఆ పాటి సమాచారమే.

మీ మెస్‌లోనే ఉదాహరణ ఉంది. కార్తీకంలో అయ్యప్ప మాల వేసిన పిల్లలకి ఉల్లి, వెల్లుల్లి లేకుండా విడిగా వండించారు. తెల్లవారుజామున స్నానానికి వేడినీళ్ళు ఏర్పాటు చేశారు. మా అమ్మాయే చెప్పింది, ఫోన్లో విని సంతోషపడ్డాను. చాలా మంచి పని, ఎప్పటికీ మానొద్దు. దాని వల్ల కాలేజీ ఏ మతం పక్షానా చేరిపోలేదు, ఎవరి హక్కూ పోలేదు. విడిగా వండటం సాధ్యమే అని మీరే చేసి చూపించారు, అందుకే ఇప్పుడు కుదరదు అంటే ఒప్పుకోలేకపోతున్నాం.

హలాల్ వద్దనే తల్లిదండ్రులతో కూడా సూటిగా మాట్లాడాలి. మీ పిల్లలకి వద్దంటే అది మీ హక్కు, నేను కాదనను. సిక్కుల మత నియమావళిలో హలాల్ మాంసం నిషేధం, రేపు ఏ సిక్కు పిల్లాడో మన హాస్టల్లో చేరితే అతనికి తెలియకుండా హలాల్ పెట్టడం కూడా ఇంతే తప్పు. అడగాల్సింది బోర్డు రాయమని. 2021 జనవరిలో దక్షిణ ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్, హోటళ్ళూ మాంసం కొట్లూ హలాలో ఝట్కానో రాసి పెట్టాలని తీర్మానించింది. దాని వెనక ఎవరి ఉద్దేశం ఏమున్నా రాసి పెట్టడం అన్న పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ చేసింది వేరు, హలాల్ సర్టిఫికెట్ ఉన్న సరుకుల తయారీ, అమ్మకం మీదే నిషేధం పెట్టి ఎగుమతులకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. విదేశాల్లో ఉన్నవాడికి అమ్మొచ్చు, ఇక్కడున్న పౌరుడు కొనుక్కోకూడదు అంటే నాకు సబబుగా అనిపించలేదు.

హలాల్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు వసూలు చేసే డబ్బులు ఎక్కడికి పోతున్నాయని కొందరు అడుగుతున్నారు. అడగండి, లెక్కలు చెప్పాల్సిందే, ఎవరు వసూలు చేసినా చెప్పాల్సిందే. కానీ మన వీధి చివర చికెన్ స్టాల్లో ఏ సర్టిఫికెట్టూ లేదు, కోసే అబ్బాయి దేవుడి పేరు తలుచుకుని కోస్తాడు, దానికి కిలోకి రూపాయి కూడా ఎక్కువ తీసుకోడు. ఆ సంస్థల గొడవ తెచ్చి ఇతని మీద వేయకండి.

ఇక జీవహింస అనేవాళ్ళు. అందులో నిజంగా బాధపడి అడిగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళంటే నాకు గౌరవం. కోతకి ముందు స్పృహ తప్పించాలా వద్దా అన్న చర్చ ముస్లింలలో కూడా ఉంది, కొన్ని దేశాల్లో కొందరు ఒప్పుకుంటారు, చాలామంది ఒప్పుకోరు. దాన్ని నేను తేల్చలేను. అయితే 2001లో కేంద్రం కబేళాలకి నిబంధనలు తెచ్చింది: లైసెన్సు ఉన్న కబేళాలోనే కోయాలి, చూడి జీవాన్ని కోయకూడదు, మూడు నెలల లోపు పిల్లని కోయకూడదు, ఒక జీవం చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదు, పశువైద్యుడు ముందు పరీక్ష చేయాలి, ఒక డాక్టరు రోజుకి 96 జీవాలకి మించి చూడకూడదు. ఇవి హలాల్‌కీ ఝట్కాకీ ఒక్కటే. జీవాల మీద జాలి ఉన్నవాళ్ళందరం కలిసి ఇవి అమలు చేయమని అడుగుదాం. రోడ్డు పక్క బోనుల్లో ఎండలో కుక్కిన కోళ్ళు, కాళ్ళు కట్టి బండికి తలకిందులుగా వేలాడదీసిన కోళ్ళు కనిపిస్తూనే ఉంటాయి, ఆ బాధకి మతం లేదు.

ఈ వ్యవహారంలో మామూలు జనానికి జరుగుతున్న నష్టం ఏంటో చెప్తాను.

1. ఎదిగే ఆడపిల్లల తిండి తగ్గింది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తెల్లారకముందు లేచి రాత్రి స్టడీ అవర్స్ దాకా కూర్చునే పిల్లలు వీళ్ళు. వారంలో గట్టిగా తినేది ఆ ఒక్క పూట, ఆ పూట వాళ్ళకి పెరుగన్నం, పచ్చడి. కోడిగుడ్డు మాకు హలాలే, పప్పు హలాలే, పనీర్ హలాలే, చేప అయితే కోత పద్ధతితో పనే లేదు, ఇది పెన్నా ఒడ్డున ఉన్న ఊరు, మైపాడు సముద్రం పక్కనే ఉంది, చేపలకి కరువు లేదు. ఇవేవీ ఆలోచించకుండా పెరుగుంది కదా అని అనేశారంటే, పిల్లలు ఏం తింటున్నారన్నది ఎవరూ పట్టించుకోలేదనే నేను అర్థం చేసుకున్నాను.

2. ఫీజు మాత్రం అందరికీ ఒక్కటే.

3. పిల్లల మధ్య లేని గోడ లేచింది. నిన్నటిదాకా ఒకే బెంచీ మీద కూర్చుని తిన్నవాళ్ళు. పెద్దవాళ్ళ వాట్సాప్ గొడవ తర్వాత ఆదివారం మధ్యాహ్నం తినేవాళ్ళు ఒక వైపు, తిననివాళ్ళు ఒక వైపు కూర్చుంటున్నారు. మా అమ్మాయి రూమ్మేట్, కావలి వైపు అమ్మాయి, నువ్వు తినకపోతే నేనూ తినను అందట. మా అమ్మాయి వద్దని చెప్పి ఆ పిల్లని పంపించింది. పదహారేళ్ళ పిల్లలు ఒకరి కోసం ఒకరు ఆలోచిస్తున్నారు, మనం వాళ్ళకి ఏం నేర్పిస్తున్నామో చూసుకోవాలి.

4. జీవాల మీద బతికేవాళ్ళ నోటి దగ్గర కూడు పోతోంది. ఇది ఒక్క మతం నష్టం అనుకునేవాళ్ళు ఒకసారి ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వైపు మెట్ట ఊళ్ళకి వెళ్ళి చూడండి. మన జిల్లా పేరు మీదే ఉన్న నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా ఎత్తైన జాతుల్లో ఒకటి, జోడిపి, పల్ల, గోధుమ రంగువి అని మూడు రకాలు, మాంసం కోసం పెంచే గొర్రె, దాన్ని మేపేది ఎక్కువగా యాదవులు. వాళ్ళ పొట్టేళ్ళని సంతలో కొనేవాళ్ళలో ముస్లిం వ్యాపారులు చాలామంది. తోలు కొనేది ఒకరు, ఆటోలో తోలేది ఒకరు, తలకాయ కాళ్ళు కాల్చి అమ్ముకునే ఆడవాళ్ళు ఇంకొకరు. కటికవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు హిందువులే. ఒక కొట్టు బహిష్కరించండి అని మెసేజ్ పెట్టడం తేలిక. ఆ వారం సంతలో పొట్టేలు ధర పడిపోతే ఎండాకాలం అప్పు చేసి మేత కొన్న గొర్రెల కాపరి ఎవరితో చెప్పుకోవాలి? మా కాలేజీ పాత స్టాల్ దగ్గర కొనడం మానేశాక అక్కడ కోడి శుభ్రం చేసే ఇద్దరు కుర్రాళ్ళలో ఒకరికి పని పోయింది. పనిపోయిన అబ్బాయి ముస్లిం కాదు.

5. అసలు అడగాల్సిన ప్రశ్న మరుగున పడింది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే, దీనికి మతంతో సంబంధం లేదు. పాత స్టాల్లో కోడి బతికి ఉన్నప్పుడు చూసి, కళ్ళ ముందు కోయించి తెచ్చేవాళ్ళు. ఇప్పుడు వచ్చే ఐస్ పెట్టెలో కోడి ఎక్కడ చచ్చిందో, బతికుండగా కోశారో చచ్చాక కోశారో చెప్పగలిగేవాళ్ళు ఎవరు? పెట్టె మీద తేదీ లేదు, లైసెన్సు నంబరు లేదు. ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది, ఆహార వ్యాపారం చేసే ప్రతి ఒక్కరికీ రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలని ఆ చట్టం చెప్తోంది, హాస్టల్ మెస్‌కి కూడా అది వర్తిస్తుంది. నెల్లూరు ఎండల్లో కరిగి మళ్ళీ గడ్డకట్టిన మాంసం తిని వందల మంది పిల్లలు వాంతులు విరేచనాలతో పడిపోతే అందులో ముస్లిం ఎవరు, హిందువు ఎవరు అని డాక్టరు అడగడు. హలాలా కాదా అని కొట్టుకుంటూ, ఇది తాజాదా కాదా అని అడగడం మనందరం మర్చిపోయాం. ఆహార భద్రత అధికారులు దయచేసి ఈ ఐదో పాయింటు రెండుసార్లు చదవండి.

2024 జులై 22న, ఉత్తరాదిలో శివభక్తులు గంగాజలం మోసుకెళ్ళే కావడి యాత్ర దారిలో హోటళ్ళ ముందు యజమానుల పేర్లు రాయాలన్న ఆదేశాలని సుప్రీంకోర్టు ఆపింది. ఏ రకం ఆహారం పెడుతున్నారో రాయమనొచ్చు, యజమాని ఎవరో రాయమని బలవంతం చేయకూడదు అని చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరు మన మదనపల్లెకి చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. ఆయన కేరళలో ఉన్నప్పుడు అక్కడ రెండు శాకాహార హోటళ్ళు ఉండేవని, ఒకటి హిందువుది, ఒకటి ముస్లింది అని, శుభ్రత ప్రమాణాలు బాగుండటంతో తను ముస్లిం నడిపే హోటల్‌కే వెళ్ళేవాడినని కోర్టులోనే చెప్పారు. కంచంలో ఏముందో చెప్పాలి, అది శుభ్రంగా ఉండాలి. ఈ రెండూ దాటి కొట్టువాడి కులం మతం బోర్డు మీద పెట్టమనే దాకా ఎవరూ వెళ్ళకూడదు.

మేం అడుగుతున్నవి ఇవి. మొదటిది, ప్రతి హాస్టల్ మెస్‌లో వారం మెనూ పక్కనే మాంసం ఎక్కడి నుంచి వస్తోంది, సప్లయర్ లైసెన్సు నంబరు ఎంత, హలాలా కాదా అన్నది తెలుగులో రాసి పెట్టాలి, సప్లయర్ మారితే మార్చిన రోజే గ్రూపులో చెప్పాలి. రెండు, హలాల్ తినేవాళ్ళకి ఆ పూట హలాల్ పెట్టడం కుదిరితే పెట్టండి, కుదరకపోతే గుడ్డు కూరో చేపల పులుసో పనీరో సమానమైనది ఏదైనా పెట్టండి, హలాల్ వద్దనేవాళ్ళకి కూడా ఇదే వర్తించాలి, అడ్మిషన్ ఫారంలో తిండి గురించి ఒక గడి పెడితే ఎంతమందికి ఏం కావాలో మొదటి రోజే తెలిసిపోతుంది, ఎవరి పిల్లలూ నిలబడి అడుక్కోవాల్సిన పని ఉండదు. మూడు, ఈ విషయం అడిగిన పిల్లల్ని గానీ, నిజం చెప్పిన వంటవాళ్ళని, వడ్డించేవాళ్ళని గానీ ఏ రకంగానూ ఇబ్బంది పెట్టకూడదు. ఆ ఆవిడ ఉద్యోగం జోలికి పోవద్దు, ఇది మరీ మరీ అడుగుతున్నాను.

ఆహార భద్రత అధికారులకి విడిగా ఒక మాట. జిల్లాలో హాస్టల్ మెస్‌లకి వచ్చే మాంసం శాంపిళ్ళు తీయండి, ముందు చెప్పకుండా ఆదివారం ఉదయమే రండి, ఫలితాలు అందరికీ కనిపించేలా పెట్టండి. తోటి తల్లిదండ్రులకి, ముఖ్యంగా గ్రూపులో ఆ వీడియో పెట్టినవాళ్ళకి: మీ నంబరు నా దగ్గర ఉంది, నా నంబరు మీ దగ్గర ఉంది, మనిద్దరం కలిసి వెళ్ళి ఆ ఐస్ పెట్టె మూత తీసి చూద్దాం రండి. రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువులో మీరూ మేమూ పక్కపక్కనే నిలబడి, చదువు బాగా రావాలని మొక్కుకుని చదువు రొట్టె పట్టుకునేది ఈ పిల్లల కోసమే.

ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, ఫోన్లో వద్దు. రాకపోతే ఆ తర్వాత వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాం. అర్జీ మీద సంతకాలు ఇప్పటికే మొదలయ్యాయి, అందులో హిందూ, క్రైస్తవ తల్లిదండ్రులు కూడా ఉన్నారు, ఇంకా చేయాలనుకునేవాళ్ళు ఆదివారం విజిటింగ్ అవర్స్‌లో హాస్టల్ గేటు దగ్గర కలవండి.

ఇట్లు,
ఒక ఇంటర్ విద్యార్థిని తండ్రి,
ఆత్మకూరు ప్రాంతం, నెల్లూరు జిల్లా